గ్యారేజీలో పాత గ్యాస్ యూనిట్ హీటర్, కొత్తగా వంట ఎగ్జాస్ట్: వెంట్ ఇలాగే ఉంచొచ్చా?

విభాగం: ఇల్లు, మరమ్మతులు › ఉత్తర అమెరికా

నోవై_నాని · అక్టోబర్ 19, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మిషిగన్‌లో ఇల్లు కొన్నాం. ఇంటికి అతికే ఉన్న రెండు కార్ల గ్యారేజీ, 24 అడుగులకి 24, పైకప్పు 9 అడుగుల ఎత్తు. పాత యజమాని ఒక మూల సీలింగుకి గ్యాస్ యూనిట్ హీటర్ వేలాడదీసుకున్నాడు. ప్లేటు మీద 75,000 బీటీయూ (గంటకి ఎంత వేడి అన్న కొలత) అని ఉంది, పైలట్, అంటే బర్నర్‌ని అంటించే చిన్న మంట, ఎప్పుడూ వెలుగుతూ ఉండే రకం. వెనకాల నోరు తెరుచుకున్న రేకు పెట్టె, అదే డ్రాఫ్ట్ హుడ్ అట, అక్కణ్ణుంచి 5 అంగుళాల పొగగొట్టం (వెంట్) పైకప్పు దాటి బయటికి పోతోంది.

మేం వచ్చాక గోడలకి ఇన్సులేషన్ కొట్టించాం, తలుపు మార్చి చుట్టూ రబ్బరు అంచులు వేయించాం. ఒక గోడ వెంట గ్యాస్ కుక్‌టాప్, దాని మీద 900 సీఎఫ్ఎమ్, అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగే ఎగ్జాస్ట్ హుడ్. డిసెంబర్‌లో అమ్మా నాన్నా వస్తున్నారు. చేపల పులుసు, వేపుళ్లు, పోపులు అన్నీ గ్యారేజీలోనే అని మా ఆవిడ శాసనం.

మొన్న చలి మొదలయ్యాక హీటరూ ఎగ్జాస్టూ కలిపి వేశాం. కాసేపటికి ఇద్దరికీ కళ్లు మండాయి, ఏదో ముక్కిన వాసన. అప్పటికింకా పొయ్యి వెలిగించలేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగలేదు. ఎగ్జాస్ట్ బిగించినతను మాత్రం "హీటర్ వెంట్ పైకప్పు దాటింది కదా, ఇంకేం భయం" అన్నాడు. నిజంగానే భయం లేదా?

పైపులాయన · అక్టోబర్ 19, రాత్రి 10:15

నాని గారూ, ముందు లేచి వెళ్లి ఆ హీటర్ గ్యాస్ వాల్వ్ కట్టేయండి. తరవాత మాట్లాడుకుందాం. నేను షికాగో పక్కన ఇదే పని చేసుకుని బతుకుతున్నాను.

పొయ్యి వెలగకుండానే కళ్లు మండాయంటే హీటర్ పొగ గదిలోకే వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనా లేదు, అది కళ్లనీ మండించదు. కళ్లు మండించేవి సరిగ్గా కాలని గ్యాస్‌తో పుట్టే ఆల్డిహైడ్లు. అవి ఉన్నచోట అదీ ఉండే అవకాశం బాగా ఎక్కువ.

అలారం మోగలేదన్న ధైర్యం పెట్టుకోకండి. ఇక్కడ ఇళ్లకి అమ్మేవి యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణం ప్రకారం చేసినవి. 70 పీపీఎమ్ (గాలిలో పది లక్షల వంతులకి 70 వంతులు) ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాల లోపు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. 30 పీపీఎమ్‌కి ఊరికే మోగకూడదు అన్నది కూడా అదే ప్రమాణంలో ఉంది. అరగంట పోపులు వేసుకుని మీరు లోపలికి వెళ్లిపోతే, గదిలో 70 ఉన్నా అది నోరు మెదపక్కర్లేదు. పైగా చాలా అలారాలు గ్యారేజీ చలికి తయారుచేసినవి కావు. దానితో వచ్చిన కాగితం చదవండి.

రేపు పగటిపూట రెండు పనులు చేయండి, రెండూ హీటర్ ఆపి ఉంచే. ఒకటి, డ్రాఫ్ట్ హుడ్ నోటి చుట్టూ రేకు ఎలా ఉందో టార్చి వేసి చూడండి: తుప్పు చారలు, తెల్లపొడి, మసి. రెండు, గ్యారేజీ తలుపులన్నీ మూసి ఆ నోటి దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. ముందు ఎగ్జాస్ట్ లేకుండా, తరవాత ఒక్కో స్పీడూ పెంచుతూ. పొగ ఎటు పోతోందో రాయండి.

షార్ట్‌కట్_శీను · అక్టోబర్ 19, రాత్రి 11:03

ఎందుకు బ్రో ఇంత భయపెట్టడం. గ్యారేజీ తలుపు కింద ఒక అడుగు ఎత్తి పెట్టుకుంటే అయిపోయె. మా డాలస్‌లో అందరూ అంతే.

కాల్గరీ_చలి · అక్టోబర్ 19, రాత్రి 11:20

శీనూ, డాలస్‌లో తలుపు ఎత్తి పెట్టుకునేవాళ్లకి అసలు హీటర్ దేనికి? మిషిగన్ జనవరిలో అడుగు ఎత్తు తలుపు తెరిస్తే 75,000 బీటీయూ వీధికి పోతుంది. వారం గడిచాక ఎవరో ఒకరు చలికి తట్టుకోలేక తలుపు దించేస్తారు. మనిషి గుర్తుపెట్టుకుంటేనే పనిచేసే ఏర్పాటుని భద్రత అనరు.

నోవై_నాని · అక్టోబర్ 20, మధ్యాహ్నం 1:30

చేశానండీ. గ్యాస్ నిన్న రాత్రే కట్టేశాను.

డ్రాఫ్ట్ హుడ్‌కి కుడివైపు రేకు మీద రెండు వేళ్ల వెడల్పున గోధుమరంగు చార ఉంది, గోరుతో గీరితే పొలుసులు రాలాయి. గొట్టం మొదటి వంపు దగ్గర అతుకు చుట్టూ తెల్లగా పొడి.

అగరుబత్తి సంగతి. ఎగ్జాస్ట్ లేనప్పుడు పొగ మెల్లగా డ్రాఫ్ట్ హుడ్ నోట్లోకి పోయింది. మొదటి స్పీడులో ఎటూ పోకుండా అక్కడే సుడి తిరిగింది. మూడో స్పీడులో నేరుగా నా మొహం మీదికి కొట్టింది. చెయ్యి అడ్డం పెడితే గొట్టంలోంచి చల్లగాలి దిగుతోంది. బయటి గాలి పైకప్పు మీది వెంట్‌లోంచే లోపలికి వస్తోందన్నమాట.

గ్యారేజీ పెద్దదే కదా, హీటర్‌కి గాలి చాలదా?

పైపులాయన · అక్టోబర్ 20, సాయంత్రం 6:10

మీ ప్రశ్న సరైనదే. పుస్తకం లెక్కలో మీ గ్యారేజీ పాసవుతుంది కూడా. ఎన్‌ఎఫ్‌పీఏ 54, అంటే ఇక్కడి గ్యాస్ కోడ్, ప్రతి 1,000 బీటీయూకి 50 ఘనపుటడుగుల గది ఉండాలంటుంది. మీ హీటర్‌కి 3,750 కావాలి, మీ గ్యారేజీ 5,184.

కానీ ఆ లెక్క వెనక ఒక షరతు ఉంది. సందుల్లోంచి గంటకి గది గాలిలో కనీసం 0.40 వంతు దానంతట అదే మారుతూ ఉండాలి. మీరు ఇన్సులేషన్ కొట్టించి, రబ్బరు అంచులు వేయించి ఆ సందులు చాలావరకు మూసేశారు. దాని మీద 900 సీఎఫ్ఎమ్ ఎగ్జాస్ట్. 5,184ని 900తో భాగించి చూడండి: ఆరు నిమిషాల లోపే గ్యారేజీలో ఉన్నంత గాలినీ బయటికి లాగేయగల యంత్రం అది. అంత గాలి ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి. మీ గ్యారేజీలో తెరిచి ఉన్న పెద్ద కన్నం ఒక్కటే, హీటర్ వెంట్.

డ్రాఫ్ట్ హుడ్ హీటర్‌లో పొగని తోసే ఫ్యాన్ ఏదీ ఉండదు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, అంతే దాని బలం. ఆ లాగుడు 5 పాస్కల్స్ ఉంటే బాగున్నట్టే. 5 పాస్కల్స్ అంటే అర మిల్లీమీటరు నీటిమట్టం తేడా. మీ ఎగ్జాస్ట్ మూత బిగించిన సీసాలోంచి స్ట్రాతో పీల్చినట్టు పీలుస్తుంటే ఆ అర మిల్లీమీటరు ఏపాటి?

ఆ గోధుమ చార పాత యజమాని కాలం నుంచే ఉండి ఉంటుంది. పొగ ఎప్పట్నుంచో అప్పుడప్పుడూ వెనక్కి తన్నుతోంది, ఎగ్జాస్ట్ వచ్చాక ముదిరింది. తిరిగి వచ్చిన పొగనే బర్నర్ మళ్లీ పీలుస్తుంది, ఆక్సిజన్ చాలక మంట పాడై కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతూ పోతుంది. ఇందులో అన్నిటికన్నా చెడ్డది ఈ చక్రమే.

పైకప్పు దాటితే చాలన్న మాట సగమే నిజం. పొగ పోయే దారి ఎంత ముఖ్యమో, దాని చోటులోకి గాలి వచ్చే దారీ అంతే ముఖ్యం. మన పనిలో ఎక్కువమంది గొట్టం చూసి వెళ్లిపోతారు, గది చూడరు.

షార్ట్‌కట్_శీను · అక్టోబర్ 20, రాత్రి 8:45

సరే, ఒప్పుకున్నా. అయితే ఫ్యాన్ ఉన్న కొత్త హీటర్ కొని, పక్క గోడకి కన్నం పెట్టి, హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ గొట్టంతో బయటికి తోసెయ్. ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్‌కి పీవీసీయే కదా ఉండేది. లేదంటే వెంట్‌లెస్ హీటర్లు ఉన్నాయి, గొట్టం గొడవే లేదు.

కాల్గరీ_చలి · అక్టోబర్ 20, రాత్రి 9:30

పీవీసీ దగ్గర ఆగు. ఇది చాలామంది చేసే పని.

పీవీసీ తట్టుకునేది సుమారు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకే. ఇంటి ఫర్నేస్ 90 శాతం పైన సామర్థ్యం ఉన్నదైతే పొగలోని నీటి ఆవిరిని కూడా లోపలే చల్లార్చి నీరు చేసి, గోరువెచ్చటి పొగని వదులుతుంది. దానికి తయారీదారు ఒప్పుకుంటే ప్లాస్టిక్ సరే. ఇక్కడ కెనడాలో అదీ యూఎల్‌సీ ఎస్636 (పొగగొట్టాల ప్రమాణం) ముద్ర ఉన్న ప్లాస్టిక్ అయి తీరాలి. గ్యారేజీల్లో వేలాడదీసే మామూలు యూనిట్ హీటర్లు 80 శాతం చుట్టుపక్కల రకం. వాటి పొగ 300 డిగ్రీలు దాటే ఉంటుంది. పీవీసీ మెత్తబడి అతుకు జారుతుంది, అదీ సీలింగు పక్కన, ఎవరికీ కనబడని చోట.

వెంట్‌లెస్ గురించి ఒక్క లెక్క చాలు. లక్ష బీటీయూ గ్యాస్ కాలితే గంటకి సుమారు ఒక గ్యాలను నీరు ఆవిరై పుడుతుంది. గొట్టం లేకపోతే అదంతా మీ చల్లటి గోడల మీద చెమటలా పడుతుంది. మిగతా పొగ మీ ఊపిరితిత్తుల్లోకి.

పైపులాయన · అక్టోబర్ 20, రాత్రి 10:05

అక్క చెప్పిందానికి కొసరు. ఈ ఉపకరణాలను నాలుగు తరగతులు చేశారు. పొగగొట్టంలో పీడనం గదికన్నా తక్కువా ఎక్కువా, పొగలోని ఆవిరి చల్లారి నీరవుతుందా లేదా అన్నదాన్ని బట్టి. నాని గారి పాతది ఒకటో తరగతి: గొట్టంలో పీడనం తక్కువ, పొగ వేడిగానే పోతుంది. దానికి రెండు పొరల రేకు గొట్టం, అంటే బీ-వెంట్, సరిపోతుంది. ఫ్యాన్ ఉన్న హీటర్‌ని పక్క గోడలోంచి అడ్డంగా తీస్తే మూడో తరగతి: గొట్టంలో పీడనం ఎక్కువ కాబట్టి ప్రతి అతుకూ గాలి చొరకుండా మూసుకోవాలి. 90 శాతం దాటినవి నాలుగు. రెండో తరగతి నాకు ఎక్కడా తగల్లేదు.

తరగతి మారితే గొట్టం మారుతుంది. ఈ ఒక్క ముక్క పట్టించుకోక ఎన్ని పనులు పాడయ్యాయో చూశాను.

ఎడిసన్_కొట్టు · అక్టోబర్ 21, ఉదయం 7:20

గదే మా దగ్గర అయింది అన్నా. న్యూజెర్సీల మాది కిరాణా గోదాం. లోడింగ్ డాక్ కాడ 2 లక్షల బీటీయూ హీటర్ ఉండె, పాతది. అది కరాబైతే ఒక కాంట్రాక్టరు వచ్చి ఫ్యాన్ ఉన్న కొత్తది పెట్టిండు. మరి గొట్టం? పాత బీ-వెంట్‌నే అడ్డంగ తిప్పి గోడలకెళ్లి బయటికి తీసిండు. పని తొందరగ అయిపోయింది, బిల్లు గూడ తక్కువనే.

డాక్ కాడ పనిచేసే పిల్లలు రోజూ పొద్దుమీకి తలకాయ నొస్తుందనేటోళ్లు. మేము ఫోర్క్‌లిఫ్ట్ పొగ అనుకున్నం, అది ప్రొపేన్‌దే. ఆఖరికి వేరే ఆయన మీటర్ తెచ్చి ఫోర్క్‌లిఫ్ట్ బంద్ పెట్టి చూసిండు. గొట్టం అతుకు అతుకుకు కార్బన్ మోనాక్సైడ్ కారుతున్నది. బీ-వెంట్ అతుకులు ఒకదాంట్ల ఒకటి దూరి తిరిగి కూసుంటయ్ గంతే, సీల్ ఉండదు. లోపట ఫ్యాన్ తోస్తుంటే ఏమైతది మల్ల.

ఇంకో ముచ్చట. ఆ పాత హీటర్ ఎందుకు కరాబైందో ఆయననే చెప్పిండు. దాని కింద మేము బ్లీచ్ డబ్బాల అట్టపెట్టెలు పేర్చినం. బ్లీచ్ ఆవిరి, ఫ్లోర్ క్లీనర్ల ఆవిరి బర్నర్ల పడి కాలితే ఆమ్లం అయితదట, హీట్ ఎక్స్‌చేంజర్, అంటే మంట వేడిని గాలికిచ్చే ట్యూబుల రేకును తినేస్తదట. దింపి చూస్తే ట్యూబుకు చిటికెన వేలు పట్టేంత తూటు.

పైపులాయన · అక్టోబర్ 21, ఉదయం 8:02

క్లోరిన్ ఉన్నది ఏదైనా అంతే: బ్లీచ్, కొన్ని డీగ్రీజర్లు, పెయింట్ తీసే ద్రావకాలు, కారిన రిఫ్రిజెరెంట్. మంటలో పడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. నాని గారూ, గ్యారేజీలో రంగు డబ్బాలూ, స్విమ్మింగ్ పూల్ క్లోరినూ ఉంటే అవీ లెక్కలోకి వస్తాయి. ఇంకో మాట, కుక్‌టాప్ కోసం 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ లోపల పెట్టలేదు కదా? ఇంటికి అతికిన గ్యారేజీలో అది పెట్టకూడదు.

నోవై_నాని · అక్టోబర్ 21, ఉదయం 8:40

లేదండీ, లైన్ గ్యాసే. పొయ్యి కౌంటర్ ఎత్తులో ఉంది, కింద ఓవెన్ లేదు. గ్యారేజీలో మంట పుట్టే భాగం నేలకి 18 అంగుళాల పైన ఉండాలని, పెట్రోలు ఆవిరి నేల వెంట పాకుతుందని పర్మిట్ తీసుకున్నప్పుడే చెప్పారు.

ఫ్యాన్ ఉన్న హీటర్ కొంటే, గొట్టం సరైనది వేస్తే, పని అయిపోయినట్టేనా?

పైపులాయన · అక్టోబర్ 21, మధ్యాహ్నం 12:35

పాతదానికన్నా చాలా మేలు. 2008 ఆగస్టు నుంచి అమెరికాలో తయారయ్యే యూనిట్ హీటర్లకి ఎప్పుడూ వెలిగే పైలట్ ఉండకూడదు, పొగ తోసే ఫ్యాన్ గానీ వెంట్‌లో దానంతట అదే మూసుకునే డ్యాంపర్ (మూత రేకు) గానీ ఉండి తీరాలి. ఫ్యాన్ సరిగా లాగకపోతే ప్రెషర్ స్విచ్ గ్యాస్ కట్టేస్తుంది. కానీ మామూలు ఫ్యాన్ రకం కాల్చుకునే గాలిని గదిలోంచే తీసుకుంటుంది. మీ గదిలో గాలి అంటే నూనె ఆవిరి, కారం ఘాటు, మైదా పొడి. రెండేళ్లలో బర్నర్ జిడ్డు పట్టేస్తుంది. ఎగ్జాస్ట్ మూడో స్పీడులో ఉంటే ప్రెషర్ స్విచ్ మాటిమాటికీ కొట్టేసి "హీటర్ పాడైంది" అని నన్నే తిడతారు.

మీకు కావాల్సింది సెపరేటెడ్ కంబశ్చన్ రకం. రెండు గొట్టాలు: ఒకటి బయటి గాలి నేరుగా బర్నర్‌కి తెస్తుంది, ఒకటి పొగ బయటికి తోస్తుంది. బర్నర్ గది గాలితో సంబంధం లేకుండా పెట్టెలో మూసి ఉంటుంది. మీ ఎగ్జాస్ట్ గదిని ఎంత పీల్చినా దానికి పట్టదు. రెండిటినీ ఒకే కన్నంలోంచి తీసే కాన్సెంట్రిక్ కిట్లు ఉన్నాయి. మోడీన్, రెజ్నర్ వంటి కంపెనీలన్నీ ఈ రకం చేస్తాయి. మీ గ్యారేజీకి ఇన్సులేషన్ ఉంది కాబట్టి 45,000 బీటీయూ సరిపోతుంది, 75,000 అక్కర్లేదు. ఎక్కువ పెద్దది పెడితే మాటిమాటికీ వెలిగి ఆరుతూ గొట్టం వేడెక్కేలోపే ఆగిపోతుంది, లోపల నీరు చేరి తుప్పు పడుతుంది.

డెన్వర్_దొర · అక్టోబర్ 21, మధ్యాహ్నం 1:15

మా వైపువాళ్లు చదువుతుంటే: 2,000 అడుగుల ఎత్తు దాటితే సముద్రమట్టం నుంచి ప్రతి 1,000 అడుగులకీ హీటర్ బీటీయూని 4 శాతం తగ్గించుకోవాలి. డెన్వర్‌లో అది 21 శాతం దాకా వస్తుంది. గ్యాస్ నాజిల్ మార్చకుండా బిగిస్తే గాలి చాలక మంట పసుపుగా మారి మసి కడుతుంది.

కాల్గరీ_చలి · అక్టోబర్ 21, రాత్రి 7:50

నానీ, గొట్టం బయటికి వచ్చే చోటు గురించి ఇప్పుడే ఆలోచించుకో. కన్నం కొట్టాక మార్చడం కష్టం.

గదిలో గాలి వాడే ఫ్యాన్ రకమైతే బయటి నోరు తలుపుకో, కిటికీకో, గాలి పీల్చే జాలీకో 4 అడుగులు పక్కకి, లేదా 4 అడుగుల కిందికి, లేదా 1 అడుగు పైకి ఉండాలి. బయటి గాలే పీల్చే, నువ్వు తీసుకునేలాంటి డైరెక్ట్ వెంట్ రకానికి 10,000 నుంచి 50,000 బీటీయూ దాకా 9 అంగుళాల దూరం చాలు, ఆ పైన 12. ఇవి అమెరికా కోడ్ అంకెలు. మాకు ఇక్కడ కెనడా గ్యాస్ కోడ్ సీఎస్ఏ బీ149.1, దాని దూరాలు వేరు. ఏ దేశమైనా మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ రాస్తే అదే పాటించాలి. నడిచే దారి మీదికైతే 7 అడుగుల ఎత్తు.

వాలు సంగతి మర్చిపోతారు. పైకప్పులోంచి పోయే పాత రకంలో అడ్డం గొట్టం బయటి వైపు పైకి లేస్తూ పోవాలి, అడుగుకి పావు అంగుళం. అడ్డంగా గోడలోంచి పోయే 80 శాతం ఫ్యాన్ రకంలో చాలా మాన్యువల్స్ బయటికి కిందికి వాలమంటాయి, లోపల నీరు చేరితే బయటికి కారిపోవడానికి. 90 శాతం రకంలో మళ్లీ హీటర్ వైపుకి వాలాలి, ఆ నీటికి డ్రెయిన్ అక్కడే ఉంటుంది. ఒకదాని వాలు ఇంకోదానికి పెడితే చలికాలంలో గొట్టంలో మంచుగడ్డ.

బోస్టన్_బుజ్జి · అక్టోబర్ 21, రాత్రి 9:05

మంచు అన్నారు కాబట్టి. నేల నుంచి 12 అంగుళాలు అని కోడ్ అంటుంది, అది కనీసం మాత్రమే. 2005 జనవరి తుపానులో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో గోడ వెంట్‌ని మంచు కప్పేసి, పొగ ఇంట్లోకి తన్ని, ఏడేళ్ల పాప చనిపోయింది. అదే ఏడాది చివర్లో రాష్ట్రంలో ఇంధనం కాల్చే ఉపకరణం గానీ మూసిన గ్యారేజీ గానీ ఉన్న ఇళ్లకి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది, ఆ పాప పేరుతోనే పిలుస్తారు. మా దగ్గర గోడలోంచి వచ్చే వెంట్ నేలకి 7 అడుగుల లోపు ఉంటే, దానికి సూటిగా పైన 8 అడుగుల ఎత్తులో "కింద గ్యాస్ వెంట్ ఉంది, అడ్డం పెట్టకండి" అన్న బోర్డు కొట్టాలి. మంచు ఎత్తేవాడు ఆ గోడకేసే కుప్ప పోయకుండా.

డ్రైవ్‌వే పక్క గోడ ఎంచుకోకండి. స్నో బ్లోయర్ విసిరేదంతా అక్కడే పడుతుంది.

మియాపూర్_మామ · అక్టోబర్ 22, ఉదయం 6:10

మీ చర్చ చూసి అడుగుతున్నా. మా ఫ్లాట్‌లో బాత్‌రూమ్ లోపలే ఎల్‌పీజీ గ్యాస్ గీజర్ ఉంది, గొట్టం ఏమీ లేదు. పైన చిన్న వెంటిలేటర్ ఉంది, చలికాలం అట్ట పెట్టి మూస్తాం. దీనికీ ఇదే కథా?

పైపులాయన · అక్టోబర్ 22, ఉదయం 6:55

ఇదే కథ, కాకపోతే ఇంకా వేగంగా నడుస్తుంది. మా నాని గారిది 5,184 ఘనపుటడుగుల గ్యారేజీ, మీది మహా అయితే 300 ఘనపుటడుగుల బాత్‌రూమ్. తలుపు గడియ వేసి, వెంటిలేటర్ మూసి, గీజర్ వెలిగించి స్నానం చేస్తుంటే నిమిషాల్లో గాలి పాడవుతుంది, ముందు కళ్లు తిరుగుతాయి, గడియ తీసే ఓపిక ఉండదు. ఇవాళే అట్ట తీసేయండి, గీజర్‌ని బాల్కనీకో యుటిలిటీకో మార్పించి వేడినీటి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. మార్చేదాకా బకెట్‌లో నీళ్లు పట్టుకుని, గీజర్ ఆపి, ఆ తరవాత తలుపు వేసుకోండి. మీ పనివాళ్లకి చూపించడానికి ఫొటోలు కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి, వస్తాను.

నోవై_నాని · అక్టోబర్ 22, రాత్రి 8:20

సెపరేటెడ్ రకమే తీసుకుందామని నిర్ణయించుకున్నాం. కాల్గరీ అక్క చెప్పినట్టు వెనక గోడ చూశాను, కిటికీ లేదు, మంచు కుప్ప పడదు. ఇక నాకు వేరే అనుమానాలు లేవు అనుకుంటున్నాను.

పైపులాయన · అక్టోబర్ 22, రాత్రి 8:41

నాకుంది. మీ బేస్‌మెంట్‌లో నీళ్ల హీటర్ ఏ రకం? వంట చేస్తూ గ్యారేజీ నుంచి ఇంట్లోకి తలుపు తెరిచి ఉంచుతారా?

నోవై_నాని · అక్టోబర్ 22, రాత్రి 9:15

గ్యాస్ వాటర్ హీటర్, నెత్తిన డ్రాఫ్ట్ హుడ్. ఓహో. తలుపు తెరిచే ఉంటుంది, గిన్నెలు అటూ ఇటూ మోయాలిగా.

ఇప్పుడే వెళ్లి అగరుబత్తి పట్టాను. ఆ తలుపు తెరిచి, ఎగ్జాస్ట్ మూడో స్పీడులో. బేస్‌మెంట్‌లో పొగ వాటర్ హీటర్ నుంచి బయటికి వస్తోంది. గ్యారేజీ ఎగ్జాస్ట్ ఇంటి అడుగున ఉన్న హీటర్‌ని లాగుతోంది!

పైపులాయన · అక్టోబర్ 22, రాత్రి 9:30

అందుకే అడిగాను. హీటర్ ఒక్కటీ మారిస్తే దాని పీడ విరగడవుతుంది, మీ ఎగ్జాస్ట్ ఆకలి మాత్రం అలాగే ఉంటుంది, దానికి దొరికిన తరవాతి కన్నం వాటర్ హీటర్. ఇంట్లో ఇలాంటి డ్రాఫ్ట్ హుడ్ ఉపకరణం ఉంటే 400 సీఎఫ్ఎమ్ దాటిన వంట ఎగ్జాస్ట్‌కి బదులు గాలి తెచ్చే ఏర్పాటు ఉండాలని ఇళ్ల నిర్మాణ నియమాల్లోనే (రెసిడెన్షియల్ కోడ్) ఉంది. ఎగ్జాస్ట్ బిగించినతను చెప్పాల్సింది.

బయటి గాలి కోసం గోడకి ఒక డక్ట్, దానికి మోటార్ డ్యాంపర్, ఎగ్జాస్ట్ స్విచ్ వేయగానే డ్యాంపర్ తెరుచుకునేలా వైరింగ్. ఆ గాలి నోరు హీటర్ వెంట్ నోటికి 10 అడుగులకి పైగా దూరంగా, వీలైతే వేరే గోడకి పెట్టించండి, లేకపోతే బయటికి తోసిన పొగనే లోపలికి తెచ్చుకుంటారు. అప్పటిదాకా ఎగ్జాస్ట్ మొదటి స్పీడు దాటకండి, ఇంటి తలుపు మూసి, గ్యారేజీ తలుపు ఎత్తి వండుకోండి. ఈ మూడు వారాలకి శీను సలహా పనికొచ్చింది.

షార్ట్‌కట్_శీను · అక్టోబర్ 22, రాత్రి 9:34

స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

నోవై_నాని · నవంబర్ 16, సాయంత్రం 5:05

పని అయింది. 45,000 బీటీయూ సెపరేటెడ్ కంబశ్చన్ హీటర్, వెనక గోడలోంచి కాన్సెంట్రిక్ వెంట్, నేల నుంచి 7 అడుగుల పైన. పక్క గోడకి డ్యాంపర్‌తో బదులు గాలి డక్ట్. పాత వెంట్ తీసేసి పైకప్పు కన్నం మూయించాను.

ఇన్‌స్పెక్టర్ ఒక్క తప్పు పట్టాడు: హీటర్‌కి వచ్చే గ్యాస్ పైపు కింద చెత్తా తేమా దిగడానికి డ్రిప్ లెగ్ పెట్టలేదని. మర్నాడు పెట్టించి మళ్లీ చూపించాం, పాస్. టెక్నీషియన్ వెళ్లేముందు అన్ని తలుపులూ మూసి, ఎగ్జాస్ట్ మూడో స్పీడు, బట్టల డ్రయ్యర్, బాత్‌రూమ్ ఫ్యాన్లు అన్నీ వేసి, వాటర్ హీటర్ వెలిగించి అయిదు నిమిషాలాగి డ్రాఫ్ట్ హుడ్ దగ్గర చూశాడు. పొగ పైకే పోతోంది. మీటర్ గ్యారేజీలోనూ బేస్‌మెంట్‌లోనూ సున్నా చూపించింది. తక్కువ మోతాదు కూడా చూపించే మీటర్ ఒకటి కొని ఇంటి తలుపు పక్కన లోపలివైపు పెట్టాం.

బదులు గాలి చల్లగా వస్తుంది, పొయ్యి దగ్గర కాళ్లకి తగులుతోంది. అమ్మ సాక్సులు వేసుకోవాల్సిందే.

కాల్గరీ_చలి · నవంబర్ 16, రాత్రి 7:30

డక్ట్‌లో చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టించుకోవచ్చు, తరవాత చూసుకో. మంచు పడ్డ మొదటి రోజు బయటికెళ్లి రెండు నోళ్లూ ఒకసారి చూడు. బదులు గాలి జాలీకి మంచు పేరుకుంటుంది.

షార్ట్‌కట్_శీను · నవంబర్ 16, రాత్రి 10:12

బ్రో, ఆ పాత హీటర్ ఏం చేశావ్? 75,000 కదా. పడేసేట్టయితే నాకివ్వు, మా బావమరిది ట్రాయ్‌లో ఉంటాడు, వచ్చి తీసుకుంటాడు. వాళ్ల షెడ్‌లోకి పనికొస్తుంది.

నోవై_నాని · నవంబర్ 16, రాత్రి 10:20

గ్యాస్ వాల్వ్ ఊడదీసి స్క్రాప్‌వాడికి ఇచ్చేశాను శీనూ. విప్పితే హీట్ ఎక్స్‌చేంజర్ వంపు దగ్గర పగులు కూడా ఉంది.

పైపులాయన · నవంబర్ 16, రాత్రి 10:31

శీనూ, ఆ షెడ్‌లో వెంట్ ఎటు తీద్దామనుకున్నావు?

షార్ట్‌కట్_శీను · నవంబర్ 16, రాత్రి 10:33

కిటికీలోంచి.

నిర్వాహకుడు · నవంబర్ 16, రాత్రి 10:40

శీను బావమరిది షెడ్‌కి వేరే థ్రెడ్ తెరిచాను. పైపులాయన గారూ, అక్కడికి రండి.